ఇంటి మాట వినే బాల్వాడీ



ఈ వ్యాసం మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లల చదువు గురించి. అందులోనూ ఒకే విషయం గురించి: వేర్వేరు భాషలు, వేర్వేరు ఆచారాలు ఉన్న ఇళ్ల నుంచి పిల్లలు ఒకే గదిలోకి వచ్చినప్పుడు ఆ కుటుంబాలతో బాల్వాడీ ఎలా మెలగాలి?

సేవాసంస్థలు నడిపే బాల్వాడీలకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఫీజు కట్టే తల్లి తనకు ఏదైనా నచ్చకపోతే నిలదీస్తుంది, లేదా బిడ్డను వేరే బడికి మారుస్తుంది. ఉచితంగా చదివించే చోట తల్లి అడగదు. ఎప్పుడు పలకరించినా "అంతా బాగానే ఉందమ్మా" అంటుంది. ఆ మాటను మనం మెప్పుగా తీసుకుంటాం. చాలాసార్లు అది మొహమాటం. కొన్నిసార్లు, ఏమన్నా అంటే బిడ్డ సీటు పోతుందేమోనన్న భయం.

మన దగ్గర సాయం తీసుకునే కుటుంబం దగ్గర, మనకు ఇవ్వగలిగినది ఒకటుంది. అది తన బిడ్డ గురించి ఆ కుటుంబానికి తెలిసిన సంగతి. దాన్ని అడిగి తీసుకునే పద్ధతి బాల్వాడీకి ఉండాలి. ఆ పద్ధతికి కూడా డబ్బు ఖర్చవుతుందని దాతలు గుర్తించాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

ఒక్క బస్తీలో ఎన్ని ఇళ్లు

బయటి నుంచి చూసేవారికి ముస్లిం బస్తీ అంటే ఒకే భాష, ఒకే పద్ధతి. లోపల ఉన్న మనకు సంగతి తెలుసు. హైదరాబాద్ పాతబస్తీలో ఇంటి మాట దక్కనీ ఉర్దూ. కోస్తా, రాయలసీమ పల్లెల్లోని నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు. దూది ఏకడం, పరుపులు కుట్టడం వారికి తరాల నాటి వృత్తి. బార్కస్‌లో ఉన్నవారిలో చాలామంది నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు. తమిళనాడు సరిహద్దు వైపు తమిళం మాట్లాడే లబ్బై కుటుంబాలున్నాయి. పని వెతుక్కుంటూ బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్లో కొందరికి మైథిలీ, భోజ్‌పురి, బెంగాలీ వంటి తమ ఇంటి మాట తప్ప వేరే మాట రాదు.

పైగా సేవాసంస్థ బాల్వాడీ గడపకు మతం అడ్డం ఉండదు. పక్క వీధిలోని లంబాడీ కుటుంబం, ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కుటుంబం, ఇళ్లలో పనిచేసే తెలుగు తల్లి, అందరూ తమ పిల్లల్ని మన దగ్గరే దింపి పనికి పోతారు.

భాష ఒకటే అనుకున్న చోట కూడా తేడాలుంటాయి. ఉర్దూ మాధ్యమంలో చదువుకుని వచ్చిన టీచర్ "నహీ" అంటుంది, బిడ్డ "నక్కో" అంటాడు. టీచర్ "హాఁ" అంటే బిడ్డ "హౌ" అంటాడు. తెలుగు పుస్తకంలో "ఉల్లిపాయ" అని ఉంటే తెలంగాణ బిడ్డ "ఉల్లిగడ్డ" అంటుంది, "చొక్కా"ను "అంగీ" అంటుంది. ఆ బిడ్డ తప్పు మాట్లాడటం లేదు, అమ్మ దగ్గర నేర్చిన మాట మాట్లాడుతోంది. మూడేళ్ల వయసులో ఆ మాటను తప్పని దిద్దితే, బిడ్డకు అర్థమయ్యేది తన ఇల్లే తప్పని.

చట్టం ఏం చెబుతోంది

ఇది కేవలం మన మంచితనానికి వదిలేసిన విషయం కాదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమంటోంది. 2002లో 86వ సవరణతో మారిన 45వ అధికరణం ఆరేళ్లు నిండేవరకు పిల్లల సంరక్షణ, విద్య బాధ్యతను రాజ్యానికి ఆదేశిక సూత్రంగా పెట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు బోధన బిడ్డ మాతృభాషలో సాగాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, సాధ్యమైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలంటోంది.

తెలుగు నేలపై ఇందుకు ముందే ఒక ప్రయత్నం జరిగింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లల కోసం సవర, కువి, కోయ, గోండి, కొలామి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. బిడ్డ ముందు తన భాషలో చదవడం, రాయడం మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి నడవాలన్నది దాని ఉద్దేశం. బిడ్డ ఎరిగిన భాషను మెట్టుగా వేసుకుని తెలియని భాషకు ఎక్కించాలన్న ఆ సూత్రం బాల్వాడీకి కూడా వర్తిస్తుంది.

అంగన్‌వాడీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రిఫరల్, ఆరోగ్య పోషణ విద్య, పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలు అందాలి. అల్పసంఖ్యాకుల సంక్షేమం కోసం 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమంలో మొట్టమొదటి సూత్రం ఈ సేవలు అందరికీ సమానంగా అందాలన్నదే. కాబట్టి సంస్థ బాల్వాడీ అంగన్‌వాడీకి పోటీ కాకూడదు. మన బస్తీలో అంగన్‌వాడీ ఉంటే కుటుంబాలను దానితో కలపాలి. లేకపోతే, లేదని అడగడం నేర్పాలి.

మౌనంగా కూర్చున్న బిడ్డ

ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ కొత్త భాష వినిపించే గదిలో నోరు మూసుకుంటుంది. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు అలాగే ఉంటుంది. రెండో భాష నేర్చుకునే చిన్నపిల్లల్లో ఇది మామూలుగా కనిపించే దశ. ఆ మౌనంలో బిడ్డ వింటోంది, చూస్తోంది, మాటల్ని పోగేసుకుంటోంది. ఈ దశలో బలవంతంగా "చెప్పు, చెప్పు" అంటే బిడ్డ ఇంకా ముడుచుకుపోతుంది. సైగతో, బొమ్మతో జవాబు చెప్పనిస్తే, ఇంటి భాష తెలిసిన ఒక్క మనిషి పక్కన కూర్చుంటే, తన సమయానికి తనే నోరు విప్పుతుంది.

అయితే ప్రతి మౌనమూ ఇదే కాదు. వినికిడి లోపం ఉన్న బిడ్డ కూడా మాట్లాడకుండానే కూర్చుంటుంది. గదిలో చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. తేడా చెప్పగలిగేది ఇంట్లోవాళ్లే. "ఇంట్లో బాగా మాట్లాడుతుందా? వెనక నుంచి పిలిస్తే తిరిగి చూస్తుందా? వీధిలో బండి హారన్ కొడితే ఉలిక్కిపడుతుందా?" అని అమ్మను అడగాలి, అదీ అమ్మకు అర్థమయ్యే భాషలో. ఇంట్లో చక్కగా మాట్లాడే బిడ్డయితే ఓపిక పట్టాలి. ఇంట్లోనూ మాట లేకపోతే ఒక్క నెల కూడా ఆలస్యం చేయకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటుంది.

తల్లితో మాట్లాడే దారి లేని బాల్వాడీలో రెండు పొరపాట్లకూ అవకాశం ఉంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మొద్దు అని పేరు పడవచ్చు. వైద్యం కావలసిన బిడ్డను కొత్త భాష కదా అని వదిలేయవచ్చు. తొలి ఏళ్లలో పోయిన ఆ కాలాన్ని తర్వాత ఎంత విరాళమిచ్చినా తిరిగి కొనలేం.

ఇంకొక మాట. "ఇంట్లో మీ భాష మానేసి ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో మాట్లాడండి" అని కొందరు టీచర్లు తల్లులకు చెబుతుంటారు. ఇది మంచి సలహా కాదు. తనకు సరిగా రాని భాషలో మాట్లాడే తల్లి తక్కువ మాట్లాడుతుంది. కథ చెప్పదు, బుజ్జగించదు, "ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబివ్వదు. ఇంటి భాషలో మాటలు నిండుగా ఉన్న బిడ్డకే రెండో భాష సులువుగా వస్తుంది. రెండు భాషలు కలిపి మాట్లాడటం కూడా గందరగోళం కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలందరూ చేసే పనే అది.

పేరు, ఫారం, పుస్తకం

కుటుంబం పట్ల గౌరవం చిన్న చిన్న చోట్ల తెలుస్తుంది. మొదటిది పేరు. అబ్దుల్ రహమాన్ అనే బిడ్డను "అబ్దుల్" అని సగం పిలిస్తే ఆ పేరుకు అర్థం పూర్తికాదు. అది "దాసుడు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. "రహమాన్" అని మాత్రమే పిలవడం దైవనామం కాబట్టి కొన్ని కుటుంబాలకు ఇష్టం ఉండదు. ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి అలాగే పిలిస్తే సరిపోతుంది. లంబాడీ బిడ్డ పేరైనా, ఒడియా బిడ్డ పేరైనా అంతే. నోరు తిరగలేదని టీచర్ కొత్త పేరు పెట్టకూడదు.

రెండోది ఫారం. అందులో "ఇంటి పేరు" అన్న గడి ఉంటుంది. తెలుగు కుటుంబాలకు అది సహజం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో చాలావాటికి తెలుగువారికున్నట్టు ఇంటి పేరు ఉండదు. అక్కడ ఒకరు షేక్ అని, ఒకరు తండ్రి పేరు, ఇంకొకరు ఊరి పేరు రాయిస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో మరొకటి పడితే పదేళ్ల తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర ఆ బిడ్డ ఇబ్బంది పడుతుంది. చేర్చుకునే రోజునే పది నిమిషాలు కూర్చుని, ఉన్న పత్రాలు చూసి, ఒకే తీరుగా రాస్తే ఆ కష్టం తప్పుతుంది.

మూడోది పుస్తకం. పొద్దున్నే మక్తబ్‌కు వెళ్లి ఖాయిదా చదివే బిడ్డ పుస్తకాన్ని కుడివైపు నుంచి తెరుస్తాడు, వేలు కుడి నుంచి ఎడమకు నడుపుతాడు. బాల్వాడీలో అదే చేస్తే "తిరగేసి పట్టుకున్నావు" అంటారు. నిజానికి ఆ వయసులోనే రాతకు ఒక దిశ ఉంటుందని ఆ బిడ్డకు తెలుసు. "అక్కడ అటు నుంచి, ఇక్కడ ఇటు నుంచి" అని నవ్వుతూ చూపిస్తే రెండూ వస్తాయి.

ఇంటికి వెళ్లి నేర్చుకోవడం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరంలో లూయిస్ మోల్, ఆయన సహచరులు, అక్కడి బడి టీచర్లు కలిసి చేసిన పని విద్యారంగంలో పేరుపొందింది. 1992లో వారు ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ టీచర్ల శిక్షణలో పాఠంగా ఉంది. మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్లకు టీచర్లు వెళ్లారు. బిడ్డ మీద ఫిర్యాదు చేయడానికీ, తల్లిదండ్రులకు బుద్ధి చెప్పడానికీ వెళ్లలేదు. ఆ ఇంట్లో ఎవరికి ఏ పని తెలుసో నేర్చుకోవడానికి వెళ్లారు. పేదవని, చదువు లేనివని లోకం అనుకునే ఆ ఇళ్లలో సేద్యం, నిర్మాణం, వైద్యం, వ్యాపారం గురించి ఎంతో తెలివి పోగై ఉందని చూశారు. ఒక పిల్లవాడు మెక్సికో నుంచి తెచ్చిన మిఠాయి అమ్ముతాడని తెలిసి ఒక టీచర్ తరగతిలో మిఠాయి మీదే పాఠం నడిపింది. ఒక తల్లి వచ్చి మిఠాయి చేసి చూపింది.

మన దగ్గర అలాంటి ఇళ్లకు కొదవ లేదు. లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసే ఇంటి బిడ్డ రంగుల వరుస, రాళ్ల లెక్క చూస్తూ పెరుగుతాడు. పరుపులు కుట్టే ఇంటి బిడ్డకు బరువు, తేలిక, కొలత తెలుసు. లంబాడీ అమ్మ అద్దాల కుట్టులో ఆకారాలన్నీ ఉన్నాయి. దర్జీ దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు, వంటింటి చింతగింజలు, పాత గాజులు చాలు, బాల్వాడీ లెక్కల పాఠానికి.

ఇంటికి వెళ్లడానికి కొన్ని మర్యాదలున్నాయి. ముందుగా కబురు పెట్టి, వారికి వీలైన వేళకే వెళ్లాలి. రాత్రి ఆటో నడిపే తండ్రి పొద్దున నిద్రలో ఉంటాడు. బీడీలు చుట్టే తల్లికి బీడీలు అప్పగించే రోజున తీరికుండదు. ఇంట్లో ఆడవాళ్లతో మాట్లాడటానికి మహిళా టీచర్లు ఇద్దరు కలిసి వెళ్లడం మంచిది. వెళ్లగానే నోటుపుస్తకం తెరవకూడదు. ఇచ్చిన చాయ్ తాగాలి. పక్కింటి బిడ్డతో పోల్చకూడదు.

సేవాసంస్థకు ప్రత్యేకమైన జాగ్రత్త మరొకటుంది. టీచర్ ఇంటికి వచ్చిందంటే అది జకాత్‌కు అర్హత చూసే తనిఖీ అని కుటుంబం అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు వాళ్లు తమకున్నది దాస్తారు, లేనిదే చెబుతారు. అందుకే సాయం కోసం విచారించే మనిషి, బిడ్డ కోసం వెళ్లే మనిషి వేర్వేరుగా ఉండాలి. టీచర్ తెలుసుకున్నది సాయం జాబితాలోకి పోకూడదు.

అడగవలసిన ప్రశ్నలు అయిదారుకు మించవు. ఇంట్లో ఏమని పిలుస్తారు? ఎవరి పక్కన పడుకుంటాడు? ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు? నానీతో ఏ భాష మాట్లాడతాడు? ఏం తినడు, ఏం తినకూడదు? మా దగ్గర మీ బిడ్డకు ఏం రావాలని మీ కోరిక?

పెద్దవాళ్లు, వాకిళ్లు

కుటుంబం బడికి రాలేకపోతే బడే కుటుంబం దగ్గరకు నడిచిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో గ్రామ బాలశిక్షా కేంద్రం స్థాపించారు. తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండల్లో వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే వాళ్ల వాకిట్లోనే బడి పెట్టారు. పశువులు మేపే పిల్లల కోసం మేత బీళ్లలోనే బడి నడిపారు. ఖరీదైన విదేశీ బోధన సామగ్రి బదులు అక్కడ దొరికే గింజలు, ఆకులు, రాళ్లు వాడారు. వాకిలి బడి అన్న ఆ ఆలోచనే అంగన్‌వాడీ అన్న మాటలో కనిపిస్తుంది.

న్యూజిలాండ్‌లో మావోరీ భాష ఇళ్లలోనే అంతరించిపోతుందన్న భయంతో 1982లో ఆ సమాజం "కోహంగా రేయో" అనే శిశు కేంద్రాలు మొదలుపెట్టింది. ఆ మాటకు భాషా గూడు అని అర్థం. అక్కడ భాష తెలిసిన అవ్వలు, తాతలు పిల్లలతో రోజంతా తమ భాషలోనే మాట్లాడతారు. 1996లో ఆ దేశం తెచ్చిన చిన్నపిల్లల పాఠ్యప్రణాళిక పేరు "తే ఫారికి", అంటే అల్లిన చాప. వేర్వేరు కుటుంబాల పోగులు కలిస్తేనే చాప అవుతుందన్నది ఆ పేరులోని భావం.

మన బస్తీల్లో దాదీలు, నానీలు, అమ్మమ్మలు ఉన్నారు. వారానికి రెండు పూటలు ఒక దాదీ వచ్చి దక్కనీలో కథ చెబితే, మరో పూట ఒక తెలుగు అవ్వ పాట పాడితే, బెంగాలీ తల్లి తన ఊరి లాలి వినిపిస్తే, గదిలోని పిల్లలందరికీ ఒక సంగతి అర్థమవుతుంది: పెద్దవాళ్లకు కూడా చాలా భాషలున్నాయి, అన్నీ ఈ గదిలో చెల్లుతాయి. ఆ పెద్దమ్మకు రాకపోకల ఖర్చు, చిన్న గౌరవ వేతనం ఇవ్వాలి. పేదరాలి సమయం ఉచితమని అనుకోకూడదు.

పండుగలు, పళ్లెం

ఏడాదికి ఒకరోజు పిల్లలకు రకరకాల వేషాలు వేసి ఫొటో తీస్తే భిన్నత్వాన్ని గౌరవించినట్టు కాదు. రోజూ జరిగే పనుల్లో అది కనిపించాలి. రంజాన్‌లో సహరీకి ఇల్లంతా లేస్తుంది కాబట్టి బిడ్డ నిద్రమత్తుతో వస్తాడని టీచర్‌కు తెలియాలి. బతుకమ్మ రోజుల్లో పూలు తెచ్చిన బిడ్డతో పూలు లెక్కపెట్టించాలి. పీర్ల పండుగను హిందువులూ ముస్లింలూ కలిసి జరుపుకునే తెలుగు పల్లెలు మనకు తెలుసు. కొన్ని ముస్లిం కుటుంబాలు ఆ ఆచారానికి దూరంగా ఉంటాయనీ తెలుసు. ఎవరింటి పద్ధతి వారిది. ఏ బిడ్డనూ తన ఇంటికి సరిపడని ప్రార్థనలోకి, ఆచారంలోకి లాగకూడదు. మన సంస్థలో చదివే ఇతర మతాల పిల్లల విషయంలో ఈ మాట మనకే ఎక్కువ వర్తిస్తుంది.

తిండి విషయమూ అంతే. గుడ్డు తినని ఇల్లు ఉంటుంది. హలాల్ కానిది తినని ఇల్లు ఉంటుంది. ముందే అడిగి, పళ్లెం దగ్గర బిడ్డను నలుగురిలో ప్రశ్నించకుండా చూసుకోవాలి.

కుటుంబంతో మాట కలవనప్పుడు

కుటుంబాన్ని వినడమంటే ప్రతిదానికీ తలూపడం కాదు. మూడేళ్ల బిడ్డకు రోజూ రెండు పేజీలు రాయించాలని చాలామంది తండ్రులు కోరతారు. పక్క ప్రైవేటు బడిలో రాయిస్తున్నారు కాబట్టి తమ బిడ్డ వెనకబడతాడని వాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. దాన్ని కొట్టిపారేయకుండా ఒక పూట తరగతిలో కూర్చోబెట్టి చూపాలి: మట్టి పిసికే వేళ్లే పెన్సిల్ పట్టుకుంటాయి, కథ విన్న చెవే అక్షరాన్ని గుర్తుపడుతుంది.

"కొట్టయినా నేర్పండి మేడం" అనే తల్లి ఉంటుంది. అక్కడ మాత్రం వెనక్కి తగ్గకూడదు. బిడ్డ ఒంటికి, మనసుకు దెబ్బ తగిలే పనికి ఏ ఆచారమూ సాకు కాదు. ఆడపిల్లను ఆపి మగపిల్లవాణ్నే పంపే ఇంటితోనూ అంతే నిదానంగా, అంతే గట్టిగా మాట్లాడాలి. రోజూ గౌరవంగా విన్న బాల్వాడీ చెప్పే మాటనే కుటుంబం ఇలాంటి వేళ వింటుంది.

దాతలు చేయగలిగినది

భవనం కట్టిస్తే శిలాఫలకం ఉంటుంది. యూనిఫారం ఇస్తే ఫొటో ఉంటుంది. టీచర్ నెలకు నాలుగు మధ్యాహ్నాలు ఇళ్లకు వెళ్లడానికి ఇచ్చిన డబ్బు ఎక్కడా కనిపించదు. అయినా పైన చెప్పిన పనుల్లో ముప్పాతిక భాగం ఆ సమయం మీదే ఆధారపడి ఉంది. అందుకే దాతలకు మా విన్నపాలు ఇవి.

ఒకటి, టీచర్ జీతంలో ఇళ్లకు వెళ్లే సమయాన్ని కూడా పనిగా లెక్కించి డబ్బివ్వండి. ఆదివారం పూట సేవగా చేయమనకండి.

రెండు, పిల్లల ఇంటి భాషలు తెలిసిన ఆయాను అదే బస్తీ నుంచి తీసుకుని, శిక్షణ ఇప్పించి, నిలకడైన జీతం ఇవ్వండి. టీచర్‌కు రాని భాష ఆయాకు వస్తే గదిలో ఏ బిడ్డా ఒంటరి కాదు.

మూడు, రెండు మూడు భాషల్లో బొమ్మల పుస్తకాలు కొనండి. దొరకని భాషలో తల్లుల చేతే కథలు చెప్పించి, టీచర్లు రాసి కుట్టుకునే చిన్న పుస్తకాలకు కాగితం, రంగులు ఇవ్వండి.

నాలుగు, బాల్వాడీ కమిటీలో తల్లిదండ్రులకు చోటివ్వండి. అమెరికాలో 1965 నుంచి పేద కుటుంబాల చిన్నపిల్లల కోసం నడుస్తున్న హెడ్ స్టార్ట్ కార్యక్రమంలో విధాన మండలి సభ్యుల్లో ఎక్కువమంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలన్న నియమం ఉంది. మన కమిటీల్లో ఇద్దరు తల్లులకు చోటిచ్చి మొదలుపెట్టవచ్చు. సమావేశం వాళ్ల పని వేళలకు సరిపోవాలి, వాళ్ల భాషలో జరగాలి.

అయిదు, పిల్లల్ని వరుసలో నిలబెట్టి సంచులు పంచుతూ ఫొటో తీయడం మానుకుందాం. నలుగురిలో చేయి చాచిన తల్లి మర్నాడు అదే గదికి వచ్చి "మా బిడ్డను నిన్న ఎందుకు ఏడిపించారు?" అని అడగలేదు. ఆమె అలా అడగగలగాలి. వస్తువులు పేరు లేకుండా, టీచర్ చేతి మీదుగా, అందరికీ ఒకేలా అందితే చాలు.

ఆరు, బాల్వాడీ చూడటానికి వచ్చినప్పుడు "ఎంతమంది పిల్లలున్నారు?" అన్న ప్రశ్నతో పాటు ఇవి కూడా అడగండి: ఇక్కడ ఎన్ని ఇంటి భాషలున్నాయి? ఈ నెలలో ఎన్ని ఇళ్లకు వెళ్లారు? ఏ తల్లి అయినా వచ్చి ఫిర్యాదు చేసిందా? చివరి ప్రశ్నకు "లేదు, ఎవరూ చేయలేదు" అన్న జవాబు వస్తే సంతోషించకండి. ఎందుకు చేయలేదో అడగండి.

మన విరాళంతో ఒక బిడ్డ అక్షరం నేర్చుకోవడం మంచిదే. ఆ బిడ్డ తల్లి బాల్వాడీ గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, పిల్లల మధ్య కూర్చుని, తన భాషలో ఒక కథ చెప్పి, "రేపు మళ్లీ వస్తాను" అని వెళ్లగలగాలి. మన బాల్వాడీ పని ఎంతవరకు వచ్చిందో ఆ రోజు తెలుస్తుంది. వచ్చే ఏడాది విరాళం రాసేటప్పుడు ఈ పనికీ ఒక పద్దు కేటాయించమని సవినయంగా కోరుతున్నాం.